మిత్రగుణ కీర్తనము

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండారంభమున ఒక రమణీయమైన ఘట్టము కలదు. సీతావియోగముతో కుందుచు వచ్చిన శ్రీరామచంద్రుని కడకు హనుమంతుడు భిక్షురూపమున వచ్చి మాటలాడెను. ఆ మాటలు విన్న రాముడు లక్ష్మణుని వైపు తిరిగి, ముందుగా హనుమంతుని వాక్కును ప్రశంసించెను. వేదములు నేర్వనివాడు ఇట్లు పలుకజాలడనియు, వ్యాకరణమును పలుమారు విన్నవాడై యుండుననియు, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దమైనను దొర్లలేదనియు, ముఖమున గాని కనుబొమలయందు గాని వికారము కానరాలేదనియు ఒక్కొక్క గుణమును ఎంచి చెప్పెను. రాజ్యము పోయినది, ధర్మపత్ని దూరమైనది, నిలువ నీడ లేదు. అట్టి వేళ సైతము ఎదుటివాని విద్యను చూచి పొంగిన హృదయము అది. రామసుగ్రీవుల మైత్రికి, హనుమంతుని అఖండదాస్యమునకు ఆ ప్రశంసయే తొలి ద్వారమైనది.

నవవిధభక్తులలో సఖ్యము ఎనిమిదవది. దాస్యము తరువాత, ఆత్మనివేదనమునకు ముందు పెద్దలు దానిని నిలిపిరి. భగవంతుని సఖ్యము కోరువాడు ముందు తోడి భక్తుల సఖ్యమును నేర్వవలెను. ఆపదలో మిత్రుని ఆదుకొనుట గొప్పయని లోకము చెప్పును. నిజమే. కాని మిత్రుడు పదిమంది మెప్పు పొందినపుడు మనస్ఫూర్తిగా సంతోషించుట అంతకంటెను కష్టము. దుఃఖితుని చూచి జాలిపడుట ఎల్లరకు సాధ్యమే. సమానుడు తనను మించిపోయిన నాడు మనస్సున పుట్టు చిన్న ముల్లును పెరికివేయుటకు భగవత్కృప కావలెను. ఆ ముల్లు పేరే అసూయ. గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున పరమరహస్యమును ఉపదేశింపబూని, అర్జునుడు అసూయ లేనివాడు గనుకనే చెప్పుచున్నానని పలికెను. అసూయ యున్నచోట ఉపదేశము సైతము నిలువదని దీని భావము.

భాగ్యనగరమునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకనాడు చెరువులు, పొలములు నిండిన పల్లెసీమలు. నేడవి కాలనీలతో నిండి, 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగములైనవి. శామీర్‌పేట దారికి సమీపమున దేవరయాంజాల్‌లో సీతారామస్వామి కొలువై యున్నాడు. ఇట్టి సీమలలో తరతరములుగా ఉన్న కుటుంబములును, పలు జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములును ధనుర్మాసమున ఒకే గోష్ఠిలో కూర్చుండును. ఒకరిది మధురకంఠము, ఒకరిది మృదంగము పట్టిన చేయి, ఒకరు ముగ్గు పెట్టిన వాకిట రథము కదలివచ్చినట్లుండును, ఒకరు కట్టిన మాల స్వామి మెడలో చక్కగా అమరును. గోష్ఠిలో ఒకరికి మెప్పు వచ్చినపుడు పక్కవారి మనస్సు ఏమగును? అక్కడనే భక్తికి పరీక్ష.

ఆ గోష్ఠిలో అనుసంధానము చేయు తిరుప్పావైయే దీనికి సమాధానము చెప్పుచున్నది. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు పది పాశురములలో గోదాదేవి పదిమంది గోపికలను మేల్కొల్పినది. తాను ముందుగా లేచితిని, తానే ముందుగా పోయి కృష్ణుని సేవింతునని తలంపలేదు. ఒక్కొక్క ఇంటి వాకిట నిలిచి, ఆ ఇంటి చెలి వైశిష్ట్యమును చెప్పి పిలిచినది. పదునైదవ పాశురమున లోపలి గోపికకు, వెలుపలి గోపికలకు సంవాదము జరుగును. నీవు మాటల నేర్పరివని వారు. మీరే నేర్పరులని ఈమె. తుదకు, పోనిండు, నేనే అట్టిదాననగుదును గాక అని ఈమె ఒప్పుకొనును. ఇతరులు మోపిన దోషమును సైతము తనదిగా స్వీకరించుట వైష్ణవలక్షణమని పూర్వాచార్యులు ఇచ్చట వ్యాఖ్యానించిరి. దోషమును తనకు, గుణమును చెలికి ఇచ్చుకొన్నచోట గోష్ఠి నిలుచును. పదిమందియు కలసిన తరువాతనే నందగోపుని భవనద్వారము చేరుట జరిగినది.

మధురకవి ఆళ్వారుల చరిత్ర దీనికి మకుటాయమానము. ఆయన తిరుక్కోళూరున జన్మించిన పండితుడు, కవి. వయస్సున నమ్మాళ్వారుల కంటె పెద్ద. ఉత్తరదేశయాత్రలో నుండగా దక్షిణదిక్కున ఒక తేజస్సును కాంచి, దానిని అనుసరించి తిరుక్కురుగూరు చేరి, చింతచెట్టు కడ యోగనిష్ఠలో నున్న యువకుని దర్శించెనని గురుపరంపర చెప్పుచున్నది. ఆనాటి నుండి వయస్సు, పాండిత్యము అడ్డురాలేదు. నమ్మాళ్వారులు పలికిన పాశురములను లోకమునకు అందించుటయే తన జీవితకార్యమైనది. తన కవిత్వశక్తితో స్వయముగా ఎన్ని ప్రబంధములనైన రచింపగలవాడు, పదునొకండు పాశురములు మాత్రమే పాడెను. అవియును భగవంతుని గూర్చి కాదు, నమ్మాళ్వారుల గూర్చియే. ఆ కణ్ణినుణ్‌శిరుత్తాంబు నాలాయిర దివ్యప్రబంధమున చేరినది.

తరువాతి కథ మరింత ఆశ్చర్యకరము. కాలక్రమమున ఆళ్వారుల పాశురములు లోకమున మరుగుపడెను. నాథమునులు యాత్రికుల నోట పది పాశురములు విని, వాని చివర వేయింటిలో ఇవి పది అను సూచన గ్రహించి, మిగిలినవి ఎక్కడనని వెదకుచు తిరుక్కురుగూరు చేరిరి. వేయి పాశురములు అక్కడను దొరకలేదు. మధురకవుల శిష్యపరంపరలోని పెద్ద ఒకరు తమకు తెలిసిన ఆ పదునొకండు పాశురములనే ఉపదేశించిరి. వానిని పండ్రెండు వేల మారులు జపింపగా నమ్మాళ్వారులు సాక్షాత్కరించి నాలుగు వేల పాశురములను అనుగ్రహించిరని సంప్రదాయము. కవి కావ్యము మరుగైనను, కవిని మెచ్చిన పాట మిగిలినది. ఆ పాటయే తాళపుచెవియై కావ్యమును మరల తెచ్చినది. గుణకీర్తనము ప్రియవచనము మాత్రమే కాదు, రక్షణము కూడ.

ఇట్టి రక్షణమునకు సమీపకాలమున తెలుగుదేశముననే ఒక ఉదాహరణము కలదు. మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు సాగు రైలుదారి ఇందూరునకు, అనగా నిజామాబాదునకు చేరును. అక్కడి ఖిల్లాపై రఘునాథుని ఆలయము కలదు. నిజాం పాలన ముగియు దినములలో ఇందూరు చెరసాలలో శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిన యువకవి దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియు బందీలుగా నుండిరి. కాగితము లేదు, కలము లేదు. దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. వ్రాసినది చెరిపివేయుదురు, ఆళ్వారుస్వామి దానిని కంఠస్థము చేసి నిలిపెనని ప్రతీతి. ఆళ్వారుస్వామియు రచయితయే, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ఇతరుల రచనలను ప్రచురించినవాడు. 1949లో వెలువడిన అగ్నిధారను దాశరథి ఆ మిత్రునికే అంకితమిచ్చెను. అది భక్తికావ్యము కాదు. అయినను ఒకరి వాక్కును మరొకరు తమ హృదయమున దాచుకొన్న ఆ స్నేహమున మధురకవుల మార్గమే కనబడుచున్నది.

కావున భక్తులు ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. ప్రతి గ్రామమున, ప్రతి భజనమండలిలో, పుస్తకమున కెక్కని పాటలు తెలిసిన వృద్ధులుందురు. ఏ రాగమున ఏ పాట, ఏ ఉత్సవమున ఏ వరుస, వారికే తెలియును. తోటివారు బాగున్నది అని ఒక్క మాట చెప్పి ఇంటికి పోయినచో, ఆ పాటలు వారితోనే పోవును. కూర్చుండి నేర్చుకొన్నచో, వ్రాసికొన్నచో, పిల్లలచేత పాడించినచో అవి నిలుచును. అసూయ వలన జరుగు హాని ఒక మనస్సునకే పరిమితము కాదు. ఈర్ష్యతో ఎవరును నేర్చుకొనని పాట, స్వామికి ఇక ఎన్నడును వినబడని పాట యగును.

మెచ్చుకొనుటకు కూడ ఒక పద్ధతి కలదు. శ్రీరాముడు హనుమంతుని ఎంచి మెచ్చినట్లు, ఏది బాగున్నదో గుర్తించి చెప్పవలెను. ఎదుట మాత్రమే కాక, మిత్రుడు లేనిచోటను చెప్పవలెను. పాటలో లోపమున్నచో ఏకాంతమున మెల్లగా చెప్పుట స్నేహము. నలుగురిలో చెప్పుట అసూయకు మారువేషము. లాభము కోరి పొగడుట ముఖస్తుతియే గాని గుణకీర్తనము కాదు.

మిత్రుని కంఠము ఎవరిచ్చినది? స్వామి ఇచ్చినది. మిత్రుని చేతిలోని నేర్పు ఎవరిది? స్వామిదే. అది తనకు రాలేదని కుందువాడు స్వామి పంపకమును తప్పుపట్టినవాడగును. అది చూచి ఆనందించువాడు, తాను పాడకయే పాటలోని ఫలమును, తాను కట్టకయే మాలలోని సేవను పంచుకొనును. వేకువజామున తోడి గోపికల వాకిట నిలిచి పిలిచిన గోదాదేవి, గోష్ఠిలోని ప్రతివారికి ఆ హృదయమును అనుగ్రహించుగాక!