చప్పుడు లేని ములుకు – వధ్యుడి మాట: ఒక నైతిక విచారణ

ప్రస్తావన

ఆయుధ ప్రయోగాన్ని గురించి నీతివిచారణ ప్రధానంగా రెండు ప్రశ్నలు వేస్తుంది: ఎవరిపై ప్రయోగించారు, ఎందుకు ప్రయోగించారు. ఎలా ప్రయోగించారన్న మూడో ప్రశ్న తరచుగా నైపుణ్యానికి సంబంధించినదిగా పక్కకు తప్పుకుంటుంది. ఆయుధం చప్పుడు చేయకపోవడం నైపుణ్యం మాత్రమేనా, అందులో నైతికాంశం ఏదైనా ఉందా అన్నది ఈ వ్యాసంలో విచారణీయం. ఇందుకు 'అసాసిన్స్ క్రీడ్' అనే చారిత్రక వీడియో గేముల శ్రేణిలోని ఒక ఆయుధాన్ని ఉదాహరణగా స్వీకరిస్తున్నాను. తెలుగు విమర్శకు వీడియో గేమ్ అలవాటైన వస్తువు కాదు. అయితే వధకు అర్థం కల్పించే కథనం ఏ రూపంలో ఉన్నా అది సాహిత్య విచారణకు అర్హమైనదే.

ఆయుధ స్వరూపం

యుబిసాఫ్ట్ సంస్థ 2007లో ఆరంభించిన ఈ శ్రేణికి వ్లదిమీర్ బార్తోల్ 1938లో వెలువరించిన స్లొవీన్ నవల 'అలముత్' ఒక ప్రేరణ. 1191 నాటి మూడో క్రూసేడు కాలంలో నడిచే తొలి ఆటలోనే హంతక సంఘానికి మూడు నియమాలు కనిపిస్తాయి. నిరపరాధిపై కత్తి ఎత్తరాదు. జనం మధ్యనే మరుగై ఉండాలి. సంఘానికి ముప్పు తేరాదు. 2014లో వచ్చిన 'యూనిటీ' ఫ్రెంచి విప్లవకాలపు పారిస్‌లో నడుస్తుంది. అందులో కథానాయకుడు ఆర్నో డోరియన్ మణికట్టు దగ్గర 'ఫాంటమ్ బ్లేడ్' అనే సాధనం ఉంటుంది. అది చిన్న క్రాస్‌బో వంటిది. సన్నని ములుకును దూరానికి చప్పుడు లేకుండా విసురుతుంది. పిస్తోలు పేలితే కావలివాళ్లు పరుగెత్తుకొస్తారు. ములుకు తగిలి ఒకడు కూలినా, చూసినవాడు లేకపోతే పక్క వీధికి ఆ సంగతి తెలియదు.

దీనికి దగ్గరి బంధువు 2013 నాటి 'బ్లాక్ ఫ్లాగ్'లో ఉంది. కరీబియన్ సముద్రపు దొంగల కాలానికి చెందిన ఆ కథలో ఎడ్వర్డ్ కెన్‌వే ఊదుగొట్టంతో రెండు రకాల ములుకులు వదులుతాడు. ఒకటి నిద్రపుచ్చుతుంది. రెండోది తగిలినవాడు ఉన్మాదంతో పక్కనున్న తనవాళ్ల మీదనే పడతాడు. ఈ ఉన్మాద ములుకు 'యూనిటీ'లోనూ ఉంది. కనుక విచారణకు మూడు ములుకులు లభిస్తున్నాయి: చంపేది, నిద్రపుచ్చేది, ఉన్మాదం కలిగించేది. మూడింటికీ నిశ్శబ్దం సమానధర్మం. మూడింటి నైతిక విలువ సమానమా?

నిషేధాల వెనుక హేతువు

గూఢమైన ఆయుధాలపై అభ్యంతరం ప్రాచీనమైనదే. మనుస్మృతి ఏడో అధ్యాయం యుద్ధంలో కూటాయుధాలను, విషదిగ్ధ బాణాలను నిషేధించింది. 1139లో రెండో లాటరన్ సభ క్రైస్తవులపై క్రాస్‌బో ప్రయోగాన్ని నిషేధించింది. 1907 నాటి హేగ్ నియమావళి విషాయుధాలతో పాటు నమ్మించి చంపడాన్ని కూడా నిషిద్ధాల్లో చేర్చింది. దీనికి భిన్నంగా కౌటిల్యుడు ప్రకాశయుద్ధం, కూటయుద్ధం, తూష్ణీంయుద్ధం అని మూడు విధాలు చెప్పి, నిశ్శబ్ద యుద్ధానికి రాజనీతిలో స్థానం కల్పించాడు. ఫాంటమ్ బ్లేడు చేసే పనికి 'తూష్ణీం' అన్న మాట చక్కగా సరిపోతుంది.

ఈ నిషేధాలలో ఏదీ చప్పుడు లేకపోవడాన్ని నేరుగా దోషంగా ఎంచలేదు. మామూలు బాణం కూడా పెద్దగా చప్పుడు చేయదు. ధర్మయుద్ధంలో అది నింద్యం కాదు. కాబట్టి దోషం శబ్దాభావంలో కాక మరెక్కడో ఉండాలి.

డప్పుల చప్పుడు

ఆట నడిచే పారిస్ చరిత్రే ఇక్కడ ఒక ఆధారాన్ని అందిస్తుంది. మరణశిక్ష అందరికీ ఒకే రీతిలో, బాధ లేకుండా అమలు కావాలని డాక్టర్ గియోతాఁ 1789లో ప్రతిపాదించాడు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన యంత్రాన్ని 1792 ఏప్రిల్ 25న తొలిసారి వాడారు. ఇది చాటుగా జరిగిన వధ కాదు. వేలమంది చూస్తుండగా బహిరంగంగా జరిగినది. 1793 జనవరి 21న పదహారవ లూయీ వధ్యవేదిక మీద నుండి ప్రజలతో మాట్లాడబోతే డప్పులు మోగించి ఆయన మాట వినబడకుండా చేశారు. రాజుకు అంతకుముందు విచారణ జరిగింది. తన వాదన చెప్పుకొనే అవకాశం అక్కడ దొరికింది. అయినా చివరి మాటను మాత్రం శబ్దమే మింగేసింది.

ఈ సంఘటనను ములుకు పక్కన పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒకచోట నిశ్శబ్దం, మరొకచోట హోరు; రెండుచోట్లా అణగిపోయింది చనిపోయేవాడి మాటే. నైతికంగా పట్టించుకోవలసింది ఆయుధపు నిశ్శబ్దాన్ని కాదు, వధ్యుడిపై విధించిన నిశ్శబ్దాన్ని. చంపేవాడు జవాబుదారీ కావాలంటే అతణ్ణి ప్రశ్నించే నోరు ఒకటి ఉండాలి. ఆ మొదటి నోరు దెబ్బ తిన్నవాడిదే.

చాటు బాణం, మాట

మన ఇతిహాసాలకు ఈ సంగతి తెలుసు. రాముడు చాటు నుండి వాలిని కొట్టాడు. మరొకడితో పోరాడుతున్నవాణ్ణి, తనను చూడనైనా చూడనివాణ్ణి కొట్టాడు. అది ధర్మమా కాదా అన్న చర్చ నేటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం కథలోనే ఉంది. బాణం తగిలిన వాలి వెంటనే చావడు, ప్రశ్నిస్తాడు. రాముడు చెట్టు చాటు నుండి బయటికి వచ్చి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. చాటు బాణాన్ని అంగీకరించిన కావ్యం చాటు మౌనాన్ని అంగీకరించలేదు.

దశరథుడి కథ మరింత సూటిగా ఉంటుంది. కుండ మునిగే చప్పుడును ఏనుగు నీరు తాగే చప్పుడనుకొని చీకట్లో బాణం వేశాడు. లక్ష్యాన్ని చూడకుండా కొట్టే విద్య అతనికి గర్వకారణం. ఆ గర్వాన్ని విరిచింది మునికుమారుడి ఆర్తనాదం. తర్వాత తల్లిదండ్రుల దగ్గరికి నడిచి వెళ్లి తన నోటితో తానే జరిగింది చెప్పవలసి వచ్చింది. రెండు కథల్లోనూ బాణం వెళ్లిన దారినే ఒక మాట తిరిగి వస్తుంది. వేసినవాడు దాన్ని వినక తప్పదు.

ఆటలో మాట ఎవరికి

ఈ ప్రమాణంతో చూస్తే ఆట పూర్తిగా మూగది కాదు. తొలి ఆటలో ముఖ్య లక్ష్యమైన ప్రతి వ్యక్తీ చనిపోయే ముందు హంతకుడితో మాట్లాడతాడు. తన పనిని సమర్థించుకుంటాడు, ఎదురు నిందిస్తాడు. ఆ మాటల వల్లనే నాయకుడికి తన సంఘం మీద సందేహం మొలకెత్తుతుంది. 'యూనిటీ'లో ఆ సంభాషణ స్థానంలో వధ్యుడి జ్ఞాపకాలు ఆర్నోకు కనిపిస్తాయి. వాలికి ఇచ్చిన అవకాశం లాంటిదేదో ఇక్కడా ఉంది.

అయితే ఆ అవకాశం ప్రముఖులకు మాత్రమే. వారిని చేరే దారిలో మిద్దెల మీద, ద్వారాల దగ్గర నిలుచున్న కావలివాడికి పేరు లేదు, మాట లేదు, జ్ఞాపకం లేదు. పౌరులను చంపితే ఆట హెచ్చరిస్తుంది. కావలివాణ్ణి చంపితే హెచ్చరించదు. నిరపరాధి అన్న నిర్వచనంలో అతనికి చోటు లేదు. జీతం కోసం కావలి కాయడం అతని అపరాధమా అన్న ప్రశ్న ఆటలో తలెత్తదు. ములుకు ఎక్కువగా వెళ్లేది అతని వైపే. యంత్రం పెట్టే శబ్దరాహిత్యం కంటే కథనం పెట్టిన ఈ మౌనమే గంభీరమైనది.

మూడు ములుకుల తారతమ్యం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. నిద్రపుచ్చే ములుకు మాటను వాయిదా వేస్తుందే గాని తుడిచివేయదు. మేలుకున్నవాడు జరిగిందేమిటని అడగగలడు. విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రంతో కౌరవసేనను మూర్ఛపుచ్చడం ఇలాంటిదే. తలపాగాలు పోయినా ప్రాణాలు మిగిలాయి. చంపే ములుకు మాటను శాశ్వతంగా తుడుస్తుంది. ఉన్మాద ములుకు దోషం ఇంకా ఎక్కువ. అది తగిలినవాడి సంకల్పాన్ని హరించి అతని చేతులను మాత్రం వాడుకుంటుంది. అతని చేత చచ్చేవాడు చివరిసారిగా చూసేది తన సహచరుడి ముఖాన్ని. ప్రశ్న అడిగే వ్యవధి దొరికినా అది తప్పుడు మనిషికే చేరుతుంది. నాయకుడి చేతికి నెత్తురు అంటదు కాబట్టి పైకి నిర్దోషంగా కనిపించే ఈ పద్ధతే ముగ్గురి నోళ్లనూ మూస్తుంది: ఉన్మత్తుడిది, అతని చేత చచ్చినవాడిది, ఏమీ చెప్పుకోనక్కరలేని ప్రయోక్తది.

రెండు ఆక్షేపణలు

నిశ్శబ్ద వధ వల్ల ప్రాణనష్టం తగ్గుతుంది కదా అన్నది మొదటి ఆక్షేపణ. పిస్తోలు పేలితే పదిమందితో పోరు తప్పదు, ములుకుతో ఒకడే పోతాడు. ఈ లెక్క నిజమే. దానిని కాదనడం లేదు. అయితే తక్కువమంది చనిపోవడం వేరు, చనిపోయినవాడి విషయంలో సమాధానం చెప్పనక్కరలేకపోవడం వేరు. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు.

ఇది కేవలం ఆట, ఎవరూ చావరు అన్నది రెండో ఆక్షేపణ. ఆట ఆడినవారు క్రూరులవుతారని ఈ వ్యాసం చెప్పడం లేదు. వాలి కథ విన్నవారు చాటు నుండి బాణాలు వేయలేదు. కథనం మన చేత ఏ ప్రశ్న అడిగిస్తుంది, ఏ ప్రశ్నను మరిపిస్తుంది అన్నదే ఇక్కడి ఆలోచన. వాలి కథ ప్రశ్నను నిలిపింది. కావలివాడి కథ ప్రశ్న పుట్టకుండానే ముగుస్తుంది.

ముగింపు

ఆయుధపు నిశ్శబ్దం దానంతట అది దోషం కాదు, గుణమూ కాదు. తగిలినవాడు తిరిగి మాట్లాడగలడా, ఆ మాట ప్రయోగించినవాడి చెవికి చేరుతుందా అన్నవే దానిని తూచే రాళ్లు. ఈ తూకం వీడియో గేముకు మాత్రమే పరిమితం కాదు. మన కావ్యాల్లోనూ పేరు లేకుండా కూలిన సైనికులు అక్షౌహిణుల కొద్దీ ఉన్నారు. వాలికి దక్కిన మాట వారిలో ఎందరికి దక్కిందని అడిగినప్పుడు, ఆటలోని కావలివాడి పట్ల మనం చూపిన తప్పు మన పఠనంలోనూ ఉందని అంగీకరించవలసి వస్తుంది.