పార్టు నంబరు వెనుక ఏమున్నది?



హోసూరు సిప్కాట్‌లో జాబ్ వర్కు చేసే చిన్న షెడ్డులోనికి ఒక డ్రాయింగు కాగితము వస్తుంది. దాని మీద కొలతలుంటాయి, ఏ లోహమో ఉంటుంది, పార్టు నంబరు ఉంటుంది. ఆ భాగము చివరకు దేనిలో అమరుతుందో చాలాసార్లు ఉండదు. అది లారీ గేరుబాక్సులోనికి వెళ్లినంత కాలము ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పట్టించుకోవలసిన దినములు వచ్చినవి.

2018 ఫిబ్రవరి కేంద్ర బడ్జెటులో రెండు రక్షణ పారిశ్రామిక కారిడార్లను ప్రకటించారు. ఒకటి ఉత్తరప్రదేశ్‌కు, ఒకటి తమిళనాడుకు. తమిళనాడు కారిడారును 2019 జనవరి 20న తిరుచిరాపల్లిలో ప్రారంభించారు. చెన్నై, కోయంబత్తూరు, సేలం, తిరుచ్చిలతో పాటు అయిదవ కేంద్రము మన హోసూరే. 2020 ఆగస్టులో 101 రకముల సైనిక సామగ్రి దిగుమతిని క్రమముగా నిలిపివేస్తామని రక్షణ శాఖ జాబితా వెలువరించింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వము తన వైమానిక, రక్షణ పరిశ్రమల విధానములో పదేళ్లకు 75,000 కోట్ల రూపాయల పెట్టుబడి, లక్ష ఉద్యోగములు లక్ష్యముగా పెట్టుకున్నది. అదే సంవత్సరము జులైలో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ కృత్రిమ మేధతో పనిచేసే 75 రక్షణ ఉత్పత్తులను ఒకే వేదిక మీద విడుదల చేశారు.

హోసూరును ఎందుకు ఎంచుకున్నారో మనకు వేరే చెప్పనక్కరలేదు. బెంగుళూరు కూతవేటు దూరము. అశోక్ లేలాండ్ లారీలు సైన్యమునకు కొత్త కావు. బేలగొండపల్లిలో విమానముల రన్‌వే ఉన్నది. గడియారములతో పేరు తెచ్చుకున్న టైటాన్ వారి ఇంజనీరింగు సంస్థ విమాన భాగములు కూడా చేస్తున్నది. వెంట్రుకవాసి తేడా రానివ్వని చేతులు ఈ ఊరిలో వేలాదిగా ఉన్నవి. వాటిలో కుప్పము, చిత్తూరు వైపు నుండి వచ్చిన మన పిల్లల చేతులూ ఉన్నవి. మంచి జీతము వస్తే తల్లిదండ్రులు సంతోషిస్తారు, సంతోషించాలి కూడా.

ఈ విషయమై మన మధ్య రెండు సులువైన జవాబులు వినబడుతుంటాయి. ఆయుధము పాపము గనుక దాని జోలికి పోరాదన్నది మొదటిది. ఇది నాకు సమ్మతము కాదు. సమూయేలు మొదటి గ్రంథము పదమూడవ అధ్యాయము చూడండి. ఇశ్రాయేలు దేశములో కమ్మరివాడే లేకుండా ఫిలిష్తీయులు చేశారు. కత్తి మాట అటుంచి, నాగటి కర్రు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరకే పోయి రుసుము చెల్లించవలసి వచ్చింది. కమ్మరి లేని దేశము పొలము దున్నుకొనే స్వేచ్ఛను కూడా పోగొట్టుకుంటుంది. దేశము తన రక్షణ సామగ్రి తానే చేసుకోవాలనుకోవడములో తప్పు పట్టలేము.

రెండవ జవాబు మరీ ప్రమాదకరమైనది. ప్రభుత్వము నిర్ణయించింది, కంపెనీ ఆర్డరిచ్చింది, మన పని మిషను తిప్పడమే అనేది. దీనికి ఈ ప్రాంతపు చరిత్రే సమాధానము చెబుతుంది. రాయకోట, హోసూరు కోటలు 1791లో ఇంగ్లీషువారి వశమయ్యే దాకా టిప్పు సుల్తాను చేతిలో ఉండేవి. అతని సైన్యము ఇనుప గొట్టములలో మందు కూరి ప్రయోగించిన రాకెట్లు 1780లో పొల్లిలూరు వద్ద ఇంగ్లీషు సేనను కలవరపెట్టినవి. 1799లో శ్రీరంగపట్నము పడిపోయాక వాటి నమూనాలు ఇంగ్లాండులోని వూలిచ్ ఆయుధశాలకు చేరినవి. విలియం కాంగ్రీవ్ వాటిని చూచి తన రాకెట్లు తయారు చేశాడు. 1807లో ఇంగ్లీషు నౌకాదళము ఆ రాకెట్లను, బాంబులను కోపెన్‌హాగెన్ నగరము మీద కురిపించినప్పుడు ఇండ్లు తగులబడినవి, సామాన్య జనులు చనిపోయారు. ఇనుప గొట్టము కొట్టిన మైసూరు కమ్మరి కోపెన్‌హాగెన్ పేరైనా విని యుండడు. అతనిని నిందించడము నా ఉద్దేశము కాదు. చేసిన వస్తువు చేసినవాని ఊరిలో, అతని రాజు చేతిలో ఉండిపోతుందన్న నమ్మకము చెల్లదని మాత్రమే అంటున్నాను.

ఆ కమ్మరికి తాను చేసేది రాకెట్టని అయినా తెలుసు. కృత్రిమ మేధ వచ్చాక అంతమాత్రము కూడా తెలియకుండా పోతున్నది. అమెరికా సైన్యము డ్రోనులు తీసిన చిత్రములలో మనుషులను, వాహనములను గుర్తించే పనిని గూగుల్ కంపెనీ చేపట్టింది. దాని పేరు ప్రాజెక్ట్ మేవెన్. యంత్రమునకు నేర్పడానికి చిత్రములకు గుర్తులు పెట్టే పనిని కొంత భాగము ఇంటర్నెట్టులో చిల్లర కూలికి చేసేవారికి అప్పగించారు. అది దేనికోసమో వారికి తెలియదని 2019లో పత్రికలలో వచ్చింది. కంపెనీలోని వేలాది ఉద్యోగులు 2018లో అభ్యంతరము చెబుతూ ఉత్తరము మీద సంతకాలు చేశారు. కంపెనీ ఆ ఒప్పందమును పొడిగించలేదు, ఆయుధములకు తమ మేధను వాడనీయమని మాట కూడా ఇచ్చింది. అయితే 2025 ఫిబ్రవరిలో ఆ మాటను తన సూత్రముల నుండి తీసివేసింది. చిల్లర కూలికి గుర్తులు పెట్టినవారిని మాత్రము ఎవరూ ఏమీ అడగలేదు.

ఇటువంటి ఆయుధము పొరపాటున ఒక పెండ్లి గుంపును కాల్చినదనుకోండి, జవాబు ఎవరు చెప్పాలి? భాగము చేసినవాడు నేను డ్రాయింగు ప్రకారమే చేశానంటాడు. ప్రోగ్రాము వ్రాసినవాడు యంత్రమే నేర్చుకున్నదంటాడు. అధికారి యంత్రము చూపించినదంటాడు. దావీదు ఊరియాను తన చేతితో చంపలేదు. ఉత్తరము వ్రాశాడు, యోవాబు మోహరించాడు, బాణము వేసినవారు అమ్మోనీయుల పట్టణములోని విలుకాండ్రు. అయినా నాతాను వచ్చి వేలు చూపినది ఒక్క మనుష్యునికే. అటువంటి ఒక మనుష్యుడు ఉండాలి, అతని పేరు ముందుగానే కాగితము మీద ఉండాలి.

మన విధానములలో ఈ సంగతి పలుచగా ఉన్నది. 2024 అక్టోబరులో రక్షణ శాఖ నమ్మదగిన కృత్రిమ మేధ కోసము ఒక మార్గదర్శక పత్రము విడుదల చేసింది. దానిలోని అయిదు సూత్రములు విశ్వసనీయత, భద్రత, పారదర్శకత, నిష్పక్షపాతము, గోప్యత. మంచివే. కాని జవాబుదారీ ఆ అయిదింటిలో ఒకటిగా లేదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో, మనిషి ప్రమేయము లేకుండా గురి ఎంచుకొనే ఆయుధములను గూర్చిన తీర్మానమునకు 152 దేశములు ఒప్పుకోగా వ్యతిరేకించిన నాలుగింటిలో మన దేశమొకటి. ఈ చర్చ జెనీవాలోని ఆయుధ ఒప్పంద వేదిక మీదనే జరగాలని మన ప్రభుత్వము వాదన. అందులో పస లేకపోలేదు. అయినా జెనీవాలో ఆ చర్చ 2014 నుండి సాగుతూనే ఉన్నది!

షెడ్డులో పనిచేసే కుర్రవాడు ఐక్యరాజ్యసమితిని మార్చలేడు. ఈ భాగము దేనికని మేస్త్రీని అడగగలడు. షెడ్డు యజమాని ఆర్డరు తీసుకునేటప్పుడు అదే మాట కంపెనీని అడగగలడు. రహస్యము ఉంటే ఉన్నదని చెప్పవచ్చు, అదీ ఒక జవాబే, దాని మీద ఆ పని చేయాలా వద్దా అని అతడు నిర్ణయించుకుంటాడు. ఇంతవరకు చెప్పడము తేలికే. అలా అడిగినందుకో, వద్దన్నందుకో పని పోగొట్టుకున్న బిడ్డకు మరుసటి నెల గది అద్దె ఎవరు కడతారు, ఊరిలోని తల్లికి డబ్బు ఎవరు పంపుతారు? మనస్సాక్షి చొప్పున నడుచుకొమ్మని ఆదివారము చెప్పే సంఘములు ఈ ఖర్చును తమ లెక్కల పుస్తకములో ఎక్కడ వ్రాస్తాయో డీకన్లు, పెద్దలు కూర్చుండి తేల్చవలసి యున్నది.