అటక మీది పెట్టె

చాలా ఇళ్లలో అటక మీద ఓ పాత ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. మూత మాత్రం ఎవరూ తీయరు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీ అలాంటి ఇల్లే. ఆ మూత తీసినవారిలో ఒకరు రిచర్డ్ ఫాన్ వైట్‌సెకర్.

ఆయనేమీ గట్టు మీద నిలబడి చూసినవారు కాదు. హిట్లర్ సైన్యంలో సైనికుడు. యుద్ధం మొదలైన రెండో రోజే పోలండ్‌లో అన్న చనిపోయారు. అదే రెజిమెంటులో ఈయనా ఉన్నారు.

తండ్రి నాజీల విదేశాంగ శాఖలో పెద్ద అధికారి. యుద్ధం ముగిశాక నురెంబర్గ్‌లో ఆయన్ని విచారించారు. లా చదువుతున్న కొడుకు తండ్రి తరఫు న్యాయవాదులకు సాయపడ్డారు. కోర్టు దోషి అంది. ఆ తీర్పు న్యాయమని కొడుకు ఒప్పుకోలేదు. సొంత ఇంటి పెట్టె మూత బరువే వేరు, కదండీ!

తర్వాత పశ్చిమ బెర్లిన్ మేయరయ్యారు. ఆపైన దేశాధ్యక్షుడు.

1985 మే 8. జర్మనీ లొంగిపోయి నలభై ఏళ్లు. ఆ రోజును ఓటమిగా తలచుకునేవాళ్లు ఇంకా ఎందరో. బాన్ నగరంలో, పార్లమెంటులో నిలబడి, అది విముక్తి దినం అన్నారాయన. మాకేమీ తెలియదన్న మాటనూ ఒప్పుకోలేదు. కళ్లూ చెవులూ తెరిచి ఉంచినవాళ్లకు, యూదులను తరలించిన రైళ్ల సంగతి తెలియకుండా ఉండదన్నారు. మూత పూర్తిగా తీసేశారు.

సొంత పార్టీలోనే కొందరు ముఖం చిట్లించారు.

ఆ ఏడాదే ఆయన ఇజ్రాయెల్ వెళ్లారు. ఆ దేశంలో అధికారికంగా పర్యటించిన మొదటి జర్మన్ అధ్యక్షుడు ఆయనే.