ఈ నవ్వు ఎవరి మీద?

క్యాలెండరు సుందరి భంగిమలో ఒక మగవాణ్ణి నిలబెట్టి ఫొటో తీస్తే చూసినవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు కారణం వెతకబోతే మనం నీతి ప్రశ్నలోకి దిగవలసి వస్తుంది.

2011లో అమెరికన్ ఫొటోగ్రాఫరు రియాన్ సబీన్ "మెన్-అప్స్" అనే ఛాయాచిత్రాల వరస తీశాడు. మనుషులు మగవాళ్లే, దుస్తులూ మగవే. నడుము వంపు, ఓరచూపు మాత్రం పాతకాలపు "పినప్" బొమ్మలవి. గోడకు గుచ్చుకునే ఆ బొమ్మలను వేసినవారిలో గిల్ ఎల్వ్‌గ్రెన్ (1914-1980) ప్రసిద్ధుడు. ఆయన మోడల్‌ను ఫొటో తీసి, దాన్ని చూసి బొమ్మ వేస్తూ కాళ్లు పొడుగు చేసేవాడు, నడుము సన్నం చేసేవాడు. బ్రౌన్ అండ్ బిగెలో కంపెనీ వాటిని క్యాలెండర్లుగా అచ్చువేస్తే, వ్యాపారులు తమ పేరు వేయించుకుని ఖాతాదారులకు పంచేవారు. ఆ బొమ్మల్లో గౌను దేనికో తగులుకుని పైకి లేస్తుంది, ఆమె ఉలిక్కిపడుతుంది. అంతా యాదృచ్ఛికం! చూసేవాడి తప్పేమీ లేదు! కూలికి భంగిమ పట్టిన మోడల్ శ్రమ మాయమై, "స్త్రీ స్వభావం" మిగులుతుంది.

సబీన్ ఫొటోలు ఈ మాయను బయటపెడతాయి. మగవాడి ఒంటిమీద కృతకమైన వంపు స్త్రీ ఒంటిమీద మాత్రం సహజమెలా అవుతుంది?

అయితే, మగవాడు హొయలు పోతే నవ్వు తప్పదనడం కూడా నిజం కాదు. స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామగా రంగం మీదికి వస్తే తెలుగు ప్రేక్షకులు ముగ్ధులయ్యారు. ఆయన వేషంలో స్త్రీ అయినాడు. సబీన్ మగవాడు మగవాడిగానే ఉండి ఆ భంగిమ పట్టాడు. మనకు నవ్వు పుట్టించేది హోదా దిగజారడమన్నమాట. "మగవాడై ఉండి ఇదేం పని?" అని నవ్వేవాడు, ఆ పని స్త్రీకి తగినదేనని ఒప్పుకుంటున్నాడు. వాడి నవ్వు స్త్రీ మీదే.

మరి మగవాళ్లనూ గోడకెక్కిస్తే సమానత్వం వస్తుందా? అవమానాన్ని చెరిసగం పంచినంత మాత్రాన న్యాయం జరగదు. అందమైన దేహాన్ని చూసి ఆనందించడం పాపమనేది ఛాందసుల వాదం. దానితో మనకు పనిలేదు. ఒకరి వంతు ఎప్పుడూ చూడడం, మరొకరి వంతు ఎప్పుడూ కనబడడం కావడంలో తప్పుంది. ఆ చూపుతో సరుకు అమ్ముకోవడంలో తప్పుంది. ఈ ఏర్పాటును ఫొటోలు మార్చలేవు. కాని నవ్వబోయి ఒక్క క్షణం ఆగి, "ఎవరి మీద నవ్వుతున్నాను?" అని ప్రేక్షకుడు తన్ను తాను ప్రశ్నించుకుంటే, అవి చేయగలిగిన పని చేసినట్టే.