బాలుర ప్రశ్నయు, పెద్దల మౌనమును

మనుష్యుల మేనిరంగులలోని భేదమును గూర్చి పసిబిడ్డలతో మాటాడవచ్చునా యనునది గృహస్థులకు, అందును విదేశములందు బిడ్డలను పెంచు తెలుగువారికి, తప్పించుకొనరాని ప్రశ్న. పసివారి మనస్సు నిర్మలమనియు, మనము ప్రస్తావించినచో లేని భేదబుద్ధిని కల్పించినవార మగుదుమనియు పలువురు సజ్జనులు వాదింతురు. ఈ వాదము దురుద్దేశముతో పుట్టినది కాదు. కాని దీని కాధారమైన నమ్మకము సత్యమా యని పరీక్షింపవలసి యున్నది.

అమెరికాలో కెన్నెత్ క్లార్కు, మేమీ క్లార్కు అను నల్లజాతి దంపతులు, మనశ్శాస్త్రజ్ఞులు, ఈ విషయమునే పరిశోధించి 1947లో ప్రకటించిరి. మూడు మొదలు ఏడేండ్ల ప్రాయముగల 253 మంది నల్లజాతి బాలబాలికలకు, చర్మము, జుట్టు వీని రంగున దప్ప అన్నివిధముల సమానములైన బొమ్మలను చూపిరి. ఆడుకొనుటకు ఏది కావలయునని యడుగగా మూడింట రెండువంతులమంది తెల్లబొమ్మను కోరిరి. చెడ్డదిగా కనబడునది ఏదనగా సగమునకు మించినవారు తమ రంగు బొమ్మనే చూపిరి. నీవలె నున్నది ఏది యను ప్రశ్నకు కొందరు బిడ్డలు కన్నీరు పెట్టుకొనిరి. ఇద్దరు వెక్కివెక్కి యేడ్చుచు గది విడిచి పరుగెత్తిరి. జాతినిబట్టి పాఠశాలలను వేఱుచేయుట చెల్లదని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1954లో తీర్పు చెప్పినప్పుడు క్లార్కు రచనను పేర్కొనెను.

ఆ బిడ్డలకు ఈ పాఠము ఉపన్యాసములవలన వచ్చినది కాదు. ఎవరు ఎచ్చట కూర్చుందురో, ఎవరికి ఏ గౌరవము దొరకునో చూచి నేర్చిరి. మన యిండ్లలోను అంతియే. మేఘశ్యాముని పూజించు నోటితోనే "నలుపైనా కళగల పిల్ల" అందుము. మెచ్చుకోలు "కళ" యను మాటలో నున్నది. బిడ్డ నేర్చునది మాత్రము "ఐనా" యను మాటను.

నాలుగేండ్ల బిడ్డ బండిలో నెవరినో చూపి, "అమ్మా, ఆయన ఎందు కంత నల్లగా ఉన్నాడు?" అని బిగ్గరగా నడుగును. తల్లి సిగ్గుపడి చేయి గిల్లి నోరు మూయించును. నలుపు సిగ్గుపడదగిన సంగతి యని బిడ్డ గ్రహించును. చర్మమందు మెలనిన్ అను పదార్థ మున్నదనియు, అది ఎండనుండి మనలను కాపాడుననియు, అది కొందరియం దెక్కువ, కొందరియందు తక్కువ యనియు చెప్పిన చాలును. ఆఱేడేండ్లు వచ్చిన పిమ్మట అన్యాయమును గూర్చియు చెప్పవచ్చును. 1960లో న్యూ ఆర్లియన్సు నగరమున ఆఱేండ్ల రూబీ బ్రిడ్జెస్ మూకల దూషణలనడుమ ప్రభుత్వరక్షకుల వెంట బడికి నడచిన కథ ఆ యీడు బిడ్డ కర్థము కానిది కాదు. మన బిడ్డలు విదేశములందు తమ రంగునకై అవమానము పొందవచ్చును. తమకంటె నల్లనివారిని తామే అవమానింపనువచ్చును. రెంటికిని వారిని సిద్ధపఱచుట మన విధి.

ఇందొక చిక్కు కలదు. జాతిభేదము, కులభేదము ఒకటి కావు. కాని బిడ్డ వానిని నేర్చు మార్గ మొక్కటే. మేనిరంగును బట్టి మనిషిని తక్కువ చేయరాదని విన్న బిడ్డ మఱునాడు, పనిమనిషి గ్లాసు వేఱుగా నేల యున్నదని యడుగును. మన మౌనము ఇంతకాలము కాపాడినది బిడ్డ నిర్మలత్వమును కాదు, ఈ ప్రశ్న మనల నడుగకుండుటను. బిడ్డతో మాటాడ దలచినవారు ముం దా గ్లాసును తక్కిన గ్లాసులతో చేర్పవలయును.