పెద్ద కారు, చిన్న కారు: ఒక ధర్మవిచారము

నర్సీపట్నము చేరువనున్న కోటవురట్ల వంటి గ్రామములందు రెండు తరముల కార్లు ఒకే బాటను పంచుకొనుచున్నవి. తండ్రి కొన్న మారుతి 800 ఒకటి. కొడుకు కొనగోరు ఫార్చ్యూనర్ వంటి పెద్దబండి యొకటి. వీనిలో నేది మేలను ప్రశ్నము బేరమునకు సంబంధించినదిగా దోచును గాని, విచారించినచో నిది ధర్మప్రశ్నము.

1983 డిసెంబరులో వెలువడి 2014లో నిలిచిపోయిన యా చిన్నకారు బరువు సుమారు 650 కిలోలు, వెడల్పు 1.44 మీటర్లు. పెద్దబండి బరువు రమారమి 2,000 కిలోలు, వెడల్పు 1.85 మీటర్లు. మనదేశమున నొంటివరుస బాటకు సాధారణముగా నిర్ణయించిన వెడల్పు 3.75 మీటర్లు. రెండు చిన్నకార్లెదురైనచో కొంత చోటు మిగులును. రెండు పెద్దబండ్లెదురైనచో బాటయెల్ల నిండి, పాదచారి చేనిగట్టెక్కవలసినదే.

అయినను ప్రాతదానిపై మమకారముచే సత్యమును మరుగుపరుపరాదు. “ఆలుబిడ్డల ప్రాణములకంటె చోటు ముఖ్యమా?” యని పెద్దబండి కొనువాడడుగును. న్యాయమైన ప్రశ్నమే. మారుతి 800లో ఎయిర్‌బ్యాగులు లేవు. నేటి ప్రమాణములకు దగిన కట్టుబడియు లేదు. కుటుంబరక్షణము గృహస్థునకు ప్రథమధర్మము.

కాని రక్షణమను పేర రెండు వేరు వస్తువులున్నవి. సీటుబెల్టు, ఎయిర్‌బ్యాగు, తాకిడిని దాను భరించి లోనివారిని గాచు చట్రము: ఇవి కల్పించుకొన్న రక్షణము. వీనివలన నితరులకు హాని లేదు. కేవలము బరువుచే గలుగు రక్షణము వేరు. సమానవేగముతో రెండుబండ్లు ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు, మూడింతలు బరువైనదాని వేగమెంత మారునో, తేలికదాని వేగమంతకు మూడింతలు మారును. అనగా మనకు దగ్గిన యపాయము మాయమగుట లేదు. ఎదుటిబండిలోని బిడ్డలపై బడుచున్నది. ఇది హరించిన రక్షణము.

ఒకరు పెద్దది కొన్నచో పొరుగువారు భయముచే నంతకంటె పెద్దది కొందురు. అప్పుడు మొదటివాని లాభమును నిలువదు. కొనలేనివారు, సైకిలుమీది కూలివాడు, ఆటోలోని విద్యార్థిని, అందరి బరువును మోయుదురు.

ఈ రెండు రక్షణములను విడదీయవచ్చును. టాటా ఆల్ట్రోజ్ అను హ్యాచ్‌బ్యాక్, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షయందు పెద్దల రక్షణమునకై అయిదు నక్షత్రములను బొందినది. కావున మంచి కట్టుబడికి భారీకాయ మావశ్యకము కాదు.

చింతపల్లి కొండదారి నెక్కు పెద్దకుటుంబమునకు ఏడుసీట్ల బండి యవసరము గావచ్చును. అవసరము దోషము కాదు. ఒక్కరు సంతకు బోవుటకు రెండువేల కిలోల యినుమును గదలించుట యవసరము కాదు, ఆడంబరము. కొనబోవు దంపతులు “మావారికి క్షేమమా?” యని విచారింపవలసినదే. దానితోడనే “మాకెదురు వచ్చువారికి క్షేమమా?” యనియు విచారింపవలెను. బాట యుభయులదియును గదా.