పెరటి చెట్టు

మా క్రింది వాటాలో క్రొత్తగా అద్దెకు దిగిన యువదంపతులు పాలు పొంగించుకొన్న మూడవనాడే ఇంటర్నెట్టు పెట్టించుకొనిరి. తీగ లాగుటకు వచ్చిన కుర్రవాడు ఆరేండ్లుగా మా యింటికి వచ్చుచున్నవాడే. తీగ దిగినది మా పిట్టగోడ మీదుగానే. వచ్చు వేగము మాకు వచ్చు వంద ఎంబీపీఎస్ వేగమే. మాటల సందర్భమున వారి నెలచందా 499 రూపాయలనియు, పన్నుతో కలిసి 589 అగుచున్నదనియు తెలిసినప్పుడు, నా చందా 799 అనియు, నూటికి 18 చొప్పున జీఎస్టీ చేరి అది నెలనెలా 943 అగుచున్నదనియు వారితో చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఒకే స్తంభమునకు వ్రేలాడు ఒకే పెట్టెనుండి చీలివచ్చిన రెండు గాజుపోగులలో, ఒకదానిలోని వెలుతురు రెండవదానిలోని వెలుతురుకంటె 354 రూపాయలు ప్రియమగుటకు కారణమేమి? నేను ఆరేండ్లనుండి ఉన్నాను. వారు మూడు దినముల క్రిందట వచ్చిరి. ఇంతకు మించిన భేదమేదియు నాకు కనబడలేదు.

పెరటి చెట్టు మందునకు పనికిరాదని మనవారు ఏనాడో అనిరి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అనియు అనిరి. ఈ సామెతలు మానవస్వభావమును చూచి నిట్టూర్చి ఊరకున్నవే గాని, అందులోని న్యాయాన్యాయములను విచారింపలేదు. నన్ను పట్టుకొన్నది నెలకు మూడువందల చిల్లర రూపాయల ప్రశ్న మాత్రమే యైనచో దానిని ఒక ఫోనుతో తీర్చుకొని ఊరకుండెడివాడను. తీర్చుకొంటిని కూడ, ఆ కథ ముందున్నది. కాని, ఒకచోట స్థిరముగా నిలిచియుండుట అను గుణమునకు లోకమున విలువ ఏదైన కలదా, కలదేని ఆ విలువను చెల్లింపవలసిన ఋణస్థుడెవడు అను ప్రశ్న మాత్రము బిల్లు తగ్గిన పిమ్మటను తగ్గలేదు.

కంపెనీవారి తర్కము సుబోధమే. క్రొత్తవానిని రప్పించుటకు ప్రకటన కావలెను, రాయితీ కావలెను, ఎదుటి కంపెనీవాని వలనుండి వానిని తప్పింపవలెను. వచ్చినవాడు రౌటరును గోడకు బిగించుకొని, పాస్‌వర్డును ఇంటిల్లిపాదికిని వచ్చిపోవు చుట్టములకును పంచి, ఆ పెట్టెపై దుమ్ము పేరుకొను వరకు ఉండెనా, ఇక వాడెక్కడికి పోవును? చందాల పట్టిక ఏటేట మారుచుండును. క్రొత్త పట్టికలో అదే వేగము తక్కువ వెలకు దొరకుచుండును. పాతవాని పేర మాత్రము పాత చందాయే సాగుచుండును. దీనిని మోసమనుటకు వీలులేదు. క్రొత్త పట్టిక రహస్యమైనది కాదు, వీధి మలుపున ఫ్లెక్సీ మీదనే ఉన్నది. మనము తలయెత్తి చూడమను నమ్మకమే వారి మూలధనము.

బ్రిటనులో దీనికొక పేరే పెట్టిరి: విధేయతకు జుల్మానా. 2018 సెప్టెంబరులో సిటిజన్స్ అడ్వైస్ అను ప్రజాసహాయ సంస్థ, బ్రాడ్‌బ్యాండు, సెల్‌ఫోను, గృహబీమా, గృహఋణము, పొదుపుఖాతా అను అయిదు రంగములలో పాత ఖాతాదారులు ఏటేట 410 కోట్ల పౌండ్లు అధికముగా చెల్లించుచున్నారని లెక్కగట్టి ప్రభుత్వపు పోటీ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసెను. 2020 ఫిబ్రవరినుండి, ఒప్పందపు గడువు ముగియుచున్నదనియు, తమయొద్దనే ఇంతకంటె మేలైన వెల ఏది కలదో అదియు బ్రాడ్‌బ్యాండు కంపెనీలే చందాదారునకు తెలుపవలెనను నియమము వచ్చినది. ఇంటి బీమా, మోటారు బీమాలలోనైతే 2022 జనవరి 1 నుండి, బీమాను పునరుద్ధరించుకొను పాతవానిపై క్రొత్తవానికంటె ఎక్కువ వెల వేయుటయే నిషేధమైనది. బ్రాడ్‌బ్యాండునకు అట్టి నిషేధము రాలేదు. అచ్చట తెలుపుట కంపెనీ వంతు, అడుగుట చందాదారుని వంతు.

ఈ గోడు మాత్రము బ్రాడ్‌బ్యాండుతో పుట్టినది కాదు. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథను బోధకులు చెప్పునప్పుడు చిన్నవాని పశ్చాత్తాపమును గూర్చియే విస్తరింతురు గాని, నా మనస్సెప్పుడును గుమ్మము వెలుపల అలిగి నిలిచిన పెద్దవాని ప్రక్కనే నిలుచును. ఆస్తిలో తన పాలు పంచుకొని పోయి దూరదేశమున తగులబెట్టి వచ్చిన తమ్మునికి క్రొవ్విన దూడను కోయించిన తండ్రి, ఇన్నేండ్లు పొలమున చాకిరి చేసిన తనకు మేకపిల్లనైనను ఈయలేదని వాని మొర. ఇది అక్షరాల పాత చందాదారుని మొర. దానికి తండ్రి చెప్పిన సమాధానమును గూడ మరువరాదు: నీవెప్పుడును నాతోనే ఉన్నావు, నాకున్నదంతయు నీదే కదా అని. ఆ ఒక్క వాక్యముతో కథ న్యాయమైనది. దూడ ఒక పూట విందు, పొలమంతయు పెద్దవానిది. ఏ కంపెనీయు తన పాత చందాదారునితో ఆ మాట అనజాలదు. ఇచ్చట దూడ క్రొత్తవానికి, దాని వెల పెద్దవాని ఖాతాకు.

మన పురాణములలో ఇదియే ప్రశ్న మరింత చిత్రమైన రూపమున కానవచ్చును. జయవిజయులు వైకుంఠమునకు ద్వారపాలకులు, అనగా స్వామికి అత్యంత పాత సేవకులు. సనకాదుల శాపమున పదచ్యుతులైనప్పుడు, ఏడు జన్మలు భక్తులై పుట్టి తిరిగివత్తురా, మూడు జన్మలు విరోధులై పుట్టి తిరిగివత్తురా అని వారికి రెండు దారులు చూపబడినవనియు, వారు మూడింటినే కోరుకొనిరనియు మనయిండ్లలో చెప్పుకొను కథ. హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టి, తిట్టి, పోరాడి, చచ్చి, వారు స్వస్థానమునకు చేరిరి. ప్రేమించినవానికి ఏడు జన్మల దూరము, ద్వేషించినవానికి మూడు జన్మల దూరము! ఈ లెక్కను విని ఆశ్చర్యపడనివాడు కథను చెవితో మాత్రమే విన్నవాడు. నిలిపివేయుదునని బెదరించినవానికి ద్వారము త్వరగా తెరచుకొనుట, నెలనెలా గడువులోపల చెల్లించువాడు వరుసలోనే ఉండుట వైకుంఠమునందును కలదా అని నాకొక సందేహము చాలకాలము ఉండెడిది.

భాగవతము దీనికి చూపిన కారణము సూక్ష్మమైనది. భక్తుడు పూజ ముగించి భోజనమునకు కూర్చుండును, నిద్రించును, సంసారమున మునిగి స్వామిని మరచును. వైరికి ఆ తీరిక లేదు. కంసుడు తినుచు త్రాగుచు తిరుగుచు ఆ ఒక్కనినే తలచెను. కనుక ఫలమిచ్చినది ద్వేషము కాదు, ఎడతెగని తలపు. ఈ మాట తట్టిన నాడు నేను నా ఆరేండ్ల విధేయతను బయటికి తీసి వెలుతురులో చూచుకొంటిని. ఈ ఆరేండ్లలో నేను ఆ కంపెనీని ఎన్నిమార్లు తలచితిని? తీగ తెగిన నాడు తప్ప ఎన్నడును లేదు. బిల్లు నా బ్యాంకు ఖాతానుండి తానే కత్తిరించుకొని పోవుచుండెను. నేను దానిని చదివిన పాపాన పోలేదు. ధ్యానమున నున్నవాడును కదలడు, నిద్రించువాడును కదలడు; వెలుపలినుండి చూచువానికి ఇద్దరును స్థిరులే. నాది సత్త్వము కాదు, శుద్ధ తమస్సు. దానికి స్థైర్యమని పేరుపెట్టి, ప్రతిఫలము రాలేదని కంపెనీపై అలుగుటకు నాకు హక్కెక్కడిది?

హక్కు లేకున్నను ఫోను చేసితిని. అడగనిదే అమ్మయినా పెట్టదని గదా లోకోక్తి. అమ్మయే పెట్టనప్పుడు కంపెనీ పెట్టునా? ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాసుకొంటిని: క్రింది వాటావారి చందా, మా వీధిలోనే తీగ ఉన్న ఇంకొక కంపెనీవారి చందా, నా గడువు ముగియు తేది. కాని డయలు చేయబోవు క్షణమున ఒక చిక్కు వచ్చిపడినది. కనెక్షను తీసివేయుడని చెప్పబోవుచున్నానే, నిజముగా నాకు తీసివేయించు ఉద్దేశము కలదా? బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన ఉపదేశము జ్ఞప్తికి వచ్చెను. బొంకినను దోషములేని తావులను ఆయన లెక్కించి చెప్పినప్పుడు ధనమునకు ముప్పు వచ్చు తావును అందు చేర్చెను. గురువే ఇచ్చిన ఆ వెసులుబాటును శిష్యుడు త్రోసివేసెను. మూడులోకములు పోయినను ఆడినమాట తప్పనన్నాడు. నెలకు మూడువందలకు నేను శుక్రుని పక్షము వహించుట సిగ్గుగా తోచి, ఫోను పెట్టివేసి మా ఇంటావిడను అడిగితిని. "మారితే మారదాం. మధ్యలో నాలుగు రోజులు నెట్టు లేదని మీరు మాత్రం గొణక్కూడదు" అన్నది. ఆ షరతునకు లోబడి నిజముగనే మారుటకు నిశ్చయించుకొని, అప్పుడు డయలు చేసితిని. అబద్ధము కాబోవు మాటను నిజము చేసికొనుటకు నాకు దొరికిన దారి ఇదొక్కటియే.

ఆవలినుండి పలికిన అమ్మాయి గొంతులో గోదావరి యాస వినబడినది. "మీరు ఆరేళ్ళుగా మా విలువైన కస్టమర్ సార్, లైన్‌లో ఉండండి, చూసి చెప్తాను" అన్నది. మొదట అదే వెలకు వేగము రెట్టింపు చేయుదుమనిరి. చదువరి కన్నుల వేగము పెరుగనప్పుడు తీగ వేగమెందులకు? వలదంటిని. పిమ్మట 549కి దిగిరి, పన్నుతో 648. క్రింది వాటావారి 589 కాదు, నా 943 కాదు. ఫోనునకు మెసేజి వచ్చువరకు ఆగి సరేనంటిని. మొత్తము పట్టినది పదునాలుగు నిమిషములు.

ఇంతవరకు ఇది బేరము. బేరమును గూర్చి ప్రహ్లాదుడు చెప్పిన తీర్పు కఠినమైనది: నరసింహుడు వరము కోరుకొమ్మనగా, ఏలికనుండి లాభమును ఆశించి కొలుచువాడు సేవకుడు కాడు, వర్తకుడని ఆ బాలుడనెను. ఈ వాక్యమును నేను చిన్ననాటినుండి వర్తకులపై నిందగా వినుచు వచ్చితిని. ఇప్పుడది నిందవలె తోచుటలేదు. అది సరిహద్దు రాయి. కొలువదగిన చోట వర్తకుడైనవాడు ఎంత తప్పు చేసెనో, వర్తకము జరుగు చోట కొలువు చేసినవాడును అంత తప్పే చేసెను. గుడికి కొనిపోవలసిన విధేయతను బజారున దింపి, దానికి ప్రసాదము పెట్టలేదని అలిగితిని.

అయినను, ఈ సమాధానముతో సంతృప్తిపడి పెరుగన్నము తిని పడుకొనుటకు వీలులేకుండ మా మేడమీది మాస్టారు అడ్డుపడిరి. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. కంపెనీ నాదే, ప్లాను నాదే, చందా 799. నా విజయగాథను ఉత్సాహముతో వినిపించి, మీరును అడుగుడంటిని. మాస్టారు కళ్లజోడు పైనుండి నన్ను చూచి, "అడిగితే తగ్గించేది ధర ఎలా అవుతుందోయ్? భిక్ష అవుతుంది. ధర అయితే అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే ఉండాలి" అనిరి.

దీనికి నాయొద్ద సమాధానము లేదు. ప్రభుత్వమునకును ఇది సులువైన ప్రశ్న కాలేదు. విడిచిపోదలచిన చందాదారులను నిలుపుకొనుటకై సెల్‌ఫోను కంపెనీలు ఒక్కొక్కరికి చాటుగా ఇచ్చు రాయితీలను తమకు తెలుపవలెనని 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించినప్పుడు, అవి మా వ్యాపార రహస్యములని పెద్ద కంపెనీలు వాదించెను. వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి, ఆ వివరములను ట్రాయ్‌కి ఈయవలెననియు, ట్రాయ్ వానిని పోటీదారులకు పొక్కనీయరాదనియు 2020లో తేలినది. అనగా, గొడవపడినవానికి దొరకు వెల ఎంతయో గొడవపడనివానికి నేటికిని తెలియదు. నేను మిగుల్చుకొన్న 295 రూపాయలు ఎక్కడినుండి వచ్చినవి? కంపెనీ లాభమునుండి వచ్చినవని నమ్మినచో నిద్ర బాగుగా పట్టును. కాని మాస్టారివంటి నోరులేనివారు పూర్తిగా చెల్లించుచుండుటవలననే నావంటి నోరున్నవారికి తగ్గింపు సాధ్యమగుచున్నదన్న సంగతి నాకు తెలియనిది కాదు.

రెండు దినములు ఆలోచించి మరల మేడ యెక్కితిని. మాస్టారు రామదాసు కీర్తనలు చక్కగా పాడుదురు. ఏటేట శ్రీరామనవమికి భద్రాచలము పోయి వత్తురు. ఆ దారినే పట్టుకొంటిని. "మాస్టారూ, గోపన్నగారు గోలకొండ చెరసాలలో రాముణ్ణి అడిగారా లేదా?" అంటిని. అడిగిరనిరి. "భిక్ష అడిగారా?" అంటిని. ఆయన మాటాడలేదు. ఎవరికి ఏ నగ చేయించెనో, దేనికెన్ని మొహరీలు పట్టెనో పేరుపేరున ఎత్తి పాడిన ఆ భక్తుడు రాముని ముందర పరచినది చేతులు కాదు, లెక్కపత్రము. ఖర్చు ఎంత, ఎవరికొరకు. తానీషాకు ఆరులక్షల వరహాలు ముట్టినవని చెప్పుకొను కథలో, రాముడు దిగివచ్చినది జాలిచేతనా, జమాఖర్చు సరిచూచియా అన్నది మనము ఎన్నడును అడిగి చూడని ప్రశ్న. భక్తుడు వర్తకుడు కారాదని ప్రహ్లాదుడన్నాడే గాని, భక్తుడు లెక్క అడుగరాదని ఎవరన్నారు?

మాస్టారు చాలసేపు ఊరకుండిరి. "అది వేరు, ఇది వేరోయ్" అని ఒకమారు అనిరి. వేరనియే నేనును ఒప్పుకొంటిని. ఇది రాముడు కాదు, కనుక ఇంకను నిర్మొగమాటముగా అడుగవచ్చునంటిని. ఆయన లేచి బీరువా తెరచి, రబ్బరుబ్యాండు చుట్టిన కాగితముల కట్ట ఒకటి తీసిరి. ఆరేండ్ల బిల్లులు, ఒక్కటియు తప్పిపోకుండ, పక్కవీధి జిరాక్సు దుకాణమున అచ్చు తీయించి దాచినవి. ఫోను నేను కలిపెదనని చేయిచాచితిని. "ఉండు నాయనా" అని నా చేతిని ప్రక్కకు తొలగించి, కళ్లజోడు పంచెకొంగుతో తుడుచుకొని, బిల్లులను తేదీల వరుసన నేలపై పేర్చుట మొదలిడిరి.